బ్యానరు కొలత చెప్పారు, కర్ర సంగతి చెప్పలేదు

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల పాఠశాల విద్యాశాఖ సంచాలకులకు,



జనవరి 25న ఓటర్ల దినోత్సవం ర్యాలీ. మర్నాడే గణతంత్ర దినం. జూన్‌లో బడి తెరవగానే పిల్లల్ని చేర్పించమని ఊరంతా తిరగాలి. ఆగస్టులో ఇంటింటా జెండా, అక్టోబరు 2న స్వచ్ఛత, 31న ఐక్యతా పరుగు, డిసెంబరు 1న ఎయిడ్స్ దినం. వీటి మధ్యన రోడ్డు భద్రత, మొక్కలు నాటడం, ప్లాస్టిక్ మానడం, మత్తుకు దూరంగా ఉండటం. ఏడాది పొడుగునా పై నుంచి వచ్చే సర్క్యులర్లలో బ్యానరు మీద ఏం రాయాలో ఉంటుంది. ఎంత కొలతలో ఉండాలో, ఎవరి ఫొటో ఏ పక్కన రావాలో ఉంటుంది. ర్యాలీ ఫొటోలు ఎన్ని గంటలకల్లా వాట్సాప్‌లో పెట్టాలో కూడా ఉంటుంది. ఆ బ్యానరును పిల్లలు దేనితో ఎత్తిపట్టుకోవాలో మాత్రం ఒక్క సర్క్యులర్లోనూ నేను చూడలేదు.

నేను వ్యాయామ ఉపాధ్యాయుడిగా (పీఈటీ) పనిచేసి రిటైరైనవాణ్ణి. ర్యాలీ అనగానే హెడ్మాస్టరు గారి చూపు ముందు పీఈటీ మీదే పడుతుంది. వరసలు కట్టించేదీ, నినాదాలు నేర్పేదీ, మంచినీళ్ల క్యాను వెనకాల ఆటోలో పెట్టించేదీ పీఈటీయే. కాబట్టి కర్రలు వెతకడం కూడా మా పనే. ఫ్లెక్సీ ముందురోజు రాత్రి షాపు నుంచి వస్తుంది. పొద్దున ఎనిమిదింటికి కర్రల వేట మొదలవుతుంది. బూజుకర్ర ఒకటి, పక్కింట్లో పందిరి గుంజ ఒకటి. రెండూ ఒక ఎత్తు ఉండవు. లేదా కరెంటు పనివాళ్లు వదిలేసిన ప్లాస్టిక్ పైపులు. అవీ లేకపోతే కట్టుబడి జరుగుతున్న చోటి నుంచి ఇనుప ఊచలు. ఏమీ దొరక్కపోతే పిల్లలు ఫ్లెక్సీ మూలల్లో ఉండే ఐలెట్లలో వేళ్లు దూర్చి పట్టుకుని నడుస్తారు. ముందు ఏముందో కనపడదు, గుంతలో కాలు పడితే చెయ్యి విడిపించుకునే వీలూ ఉండదు.

"ఇంత చిన్న విషయానికి బహిరంగ లేఖా?" అని మీరు అనుకోవచ్చు. రెండు రాష్ట్రాల్లో వేల బడులు, ఒక్కో బడికి ఏడాదిలో ఎన్నో ర్యాలీలు. ఈ కర్ర పట్టుకునే పిల్లలు ఎంతమంది ఉంటారో మీ దగ్గరున్న లెక్కలతోనే తేలుతుంది.

ముందు బరువు సంగతి చూద్దాం. పదడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు ఉన్న మామూలు ఫ్లెక్సీ కిలో కూడా తూగదు. అందుకే చూసేవాళ్లకు అదొక బరువుగా అనిపించదు. అసలు బరువు గాలిది. రెండు కర్రల మధ్య బిగించిన ఫ్లెక్సీ తెరచాపతో సమానం. తెరచాప కట్టిన పడవ కదలక తప్పదు, ఇక్కడ కదలాల్సింది ఎనిమిదో తరగతి పిల్ల.

లెక్క కష్టమేమీ కాదు. గంటకు 20 కిలోమీటర్ల వేగంతో వీచే గాలి ఆ ముప్పై చదరపుటడుగుల మీద ఎదురుగా పడితే తోపు సుమారు 6 కిలోలు. గాలి 30కి పెరిగితే 14 కిలోలు, 40కి పెరిగితే 25 కిలోలు. వేగం రెట్టింపైతే తోపు నాలుగింతలవుతుంది. అందుకే ఐదు నిమిషాల కిందటి వరకూ నవ్వుతూ నడిచిన పిల్లలు ఒక్క విసురుకు రోడ్డు పక్కకు కొట్టుకుపోతారు. పిల్లలు జాగ్రత్తగా లేరని మనం కేకలేస్తాం.

ఆ తోపు కర్ర మీద ఎలా పడుతుందో చూడండి. కర్ర అడుగు నడుము దగ్గర ఆనుతుంది. పై చెయ్యి అక్కడి నుంచి అడుగున్నర ఎత్తున పట్టుకుంటుంది. బ్యానరును తలల పైకి ఎత్తితే దాని నడిమి భాగం నడుముకు నాలుగున్నర అడుగుల పైన ఉంటుంది. అంటే గాలి తోసే చోటు చెయ్యి పట్టుకున్న చోటుకు మూడింతల దూరం. 30 కిలోమీటర్ల గాలిలో ఒక్కో కర్ర వాటా 7 కిలోలైతే, ఆ పై చేతి మీద పడేది 21 కిలోలు. నలభై కిలోల పిల్ల తన బరువులో సగాన్ని ఒక్క చేత్తో ఆపుతోందన్నమాట, అదీ నడుస్తూ, నినాదం ఇస్తూ.

ఇది చాలదన్నట్టు గుడ్డ లోపలికి లాగుతుంది. గాలికి ఫ్లెక్సీ మధ్యలో అడుగు మేర పొట్ట వేస్తే చాలు, రెండు చివరల్లో ఉన్న పిల్లల్ని ఒకరి వైపుకు ఒకర్ని 17 కిలోల పైచిలుకు బలంతో లాగుతుంది. ర్యాలీలో బ్యానరు ముడుచుకుపోయి అక్షరాలు కనపడకపోవడానికి కారణం ఇదే. "బిగించి పట్టుకోండ్రా" అని అరిచినంత మాత్రాన అది బిగియదు. ఆ పని చేయాల్సింది పైన అడ్డంగా ఉండే కర్ర. మన ర్యాలీల్లో ఆ అడ్డకర్రే కనపడదు.

ఫ్లెక్సీకి అక్కడక్కడా అర్ధచంద్రాకారపు కోతలు పెడితే గాలి వెళ్లిపోతుందని షాపులవాళ్లు చెబుతారు. వాటిలోంచి పోయే గాలి కొంచెమే. చిరుగు మాత్రం సరిగ్గా అక్కడే మొదలవుతుంది. నా మాట వింటే కోతలు మాని కొలత తగ్గించండి. ఎనిమిదడుగులకు రెండున్నర అడుగులు చేస్తే ఇరవై చదరపుటడుగులే అవుతుంది, గాలి తోపు మూడో వంతు తగ్గిపోతుంది. అక్షరాలు చిన్నవైపోతాయన్న బెంగ వద్దు. ఇప్పుడు మూడడుగుల బ్యానరులో సగం మేర ఫొటోలకూ లోగోలకూ పోతోంది, నినాదానికి మిగిలేది అడుగున ఒక చారెడు చోటు. ఫొటోలు తీసేస్తే చిన్న బ్యానరు మీదే అక్షరాలు పెద్దవవుతాయి. ఈ మాట సర్వీసులో ఉండగా రాయడానికి ధైర్యం చాలదు, ఇప్పుడు రాస్తున్నాను.

గాలికి గుడ్డ ఎత్తి నడవడం మనవాళ్లకు తెలియని విద్య కాదు. కోనసీమలో కనుమ రోజున అంబాజీపేట మండలం మొసలపల్లి శివారు జగ్గన్నతోటకు పదకొండు ప్రభలు వస్తాయి. వెదురుబొంగులు, రంగు గుడ్డలతో కట్టిన ప్రభను భుజాల మీద పెట్టుకుని కాలిబాటల్లో, పంట చేలల్లో మోసుకొస్తారు. గంగలకుర్రు ప్రభలైతే కౌశిక కాలువలో దిగి దాటుతాయి. 2023 గణతంత్ర దినాన ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటంగా నడిచింది ఈ ప్రభల తీర్థమే. ఇక శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లకు వచ్చే ప్రభలు మరీ ఎత్తు. బండి మీద నిలబెట్టిన ఆ ప్రభను కింద నుంచి ఎంతమంది పట్టుకున్నా అది నిలవదు, పైనుంచి నాలుగు వైపులా లాగి పట్టే మోకులు నిలబెడతాయి. ఒక పక్క మోకు వదులైతే ఎదుటి పక్కవాళ్లు ఎంత వదలాలో, ఎప్పుడు బిగించాలో వాళ్లకు ఎవరూ క్లాసు పీకలేదు. తండ్రి పక్కన మోకు పట్టుకుని కొడుకు నేర్చుకున్నాడు.

సముద్రాల అవతల ఇంగ్లండులో బొగ్గుగని కార్మికులదీ ఇదే పద్ధతి. డర్హమ్ పట్టణంలో 1871 నుంచి గని కార్మికుల ఉత్సవం జరుగుతోంది. జులైలో రెండో శనివారం ఒక్కో గని యూనియను తన బ్యానరు ఎత్తుకుని బ్యాండు మేళంతో ఊరేగుతూ వస్తుంది. మనిషికి మించిన ఎత్తులో, రెండు వైపులా బొమ్మలు వేసిన పట్టు బ్యానర్లవి. ఆ ఏడు గనిలో ఎవరైనా చనిపోయి ఉంటే ఆ బ్యానరుకు నల్లగుడ్డ కట్టేవారు. కొత్త బ్యానర్లను అక్కడి కెథడ్రల్‌లోకి తీసుకెళ్లి ప్రార్థన చేయిస్తారు. గనులు మూతపడి మూడు దశాబ్దాలు దాటినా బ్యానర్లు నడుస్తూనే ఉన్నాయి. అవి ఎలా నడుస్తున్నాయో గమనించండి. ఇద్దరు మనుషుల భుజాల మీదుగా తోలు పటకా, పటకాకు కుట్టిన తోలు గిన్నె, ఆ గిన్నెలో కర్ర అడుగు. కర్రల కొసలను కలుపుతూ పైన అడ్డకర్ర. కొసల నుంచి ముందుకు రెండు తాళ్లు, వెనక్కు రెండు తాళ్లు, వాటిని పట్టుకుని నలుగురు. లండన్‌లో జార్జ్ టుటిల్ అనే ఆయన 1837లో పెట్టిన కంపెనీ ఈ బ్యానర్లకు పేరుమోసింది. పట్టుగుడ్డకు రబ్బరు పూత పట్టించే విధానానికి ఆయన 1861లో పేటెంటు కూడా తీసుకున్నాడు. కర్రా, పటకా, తాడూ బ్యానరులో భాగమేనని అక్కడివాళ్లు ఎప్పుడో ఒప్పుకున్నారు. అవి లేకుండా ఎత్తింది బ్యానరు కిందికే రాదు వాళ్ల దృష్టిలో.

ఆ తాడు ఏం చేస్తుందో మళ్లీ మన లెక్కలోనే చూద్దాం. నడుముకు ఆరడుగుల పైన, కర్ర కొసకు తాడు కట్టాం. ఇందాక చేతి మీద పడిన 21 కిలోల స్థానంలో ఇప్పుడు అడ్డంగా లాగాల్సింది 5 కిలోల చిల్లర. తాడు ఏటవాలుగా వస్తుంది కాబట్టి పట్టుకున్న పిల్లాడి చేతికి ఏడున్నర కిలోలు తగులుతుంది. కర్ర పట్టుకున్న పిల్లకు మిగిలే పని కర్ర పక్కకు ఒరగకుండా చూసుకోవడమే. మనుషులు తక్కువా అంటే, బళ్లో మనకు పిల్లలకు కొదవా? వెనక వరసల్లో ఊరికే నడిచేవాళ్లకు తాడు అందిస్తే వాళ్ల ఉత్సాహం ఎలా ఉంటుందో పీఈటీలందరికీ తెలుసు.

ఇక భయపడాల్సిన సంగతి. 2020 సెప్టెంబరులో కుప్పం నియోజకవర్గం శాంతిపురం మండలంలో అభిమాన నటుడి పుట్టినరోజుకు బ్యానరు కడుతూ కరెంటు తగిలి ముగ్గురు యువకులు చనిపోయారు. 2023 జులైలో పల్నాడు జిల్లాలో ఇంకో నటుడి పుట్టినరోజు ఫ్లెక్సీ కడుతూ ఇద్దరు విద్యార్థులు పోయారు. 2024 నవంబరు 4న తూర్పు గోదావరి జిల్లా ఉండ్రాజవరం మండలం తాడిపర్రులో ఫ్లెక్సీ కడుతుండగా తీగ తగిలి నలుగురు. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తీగ తగిలి ఐదుగురు. వీటిలో ఏదీ బడి ర్యాలీ కాదు. కానీ అవే వీధులు, అవే తీగలు. ఇనుప చట్రాలు, ఇనుప గొట్టాలు మన ర్యాలీల్లోకీ వస్తున్నాయి.

రోడ్డు వెంట వెళ్లే లో టెన్షన్ తీగ నేల నుంచి కనీసం 5.5 మీటర్లు, రోడ్డుకు అడ్డంగా వెళ్లేది 5.8 మీటర్ల ఎత్తున ఉండాలని నిబంధన. 5.5 మీటర్లంటే పద్దెనిమిది అడుగులు. వేలాడుతున్న తీగలనూ, స్తంభం నుంచి ఇళ్లకు లాగిన సర్వీసు వైర్లనూ చూసినవాళ్లెవరూ ఆ పద్దెనిమిది అడుగుల్ని నమ్ముకోరు. ప్రభలు కదిలేటప్పుడు కరెంటు వాళ్లు దారి పొడుగునా సరఫరా ఆపుతారు. బడి పిల్లల ర్యాలీకి ఎవరూ ఆపరు, ఆపమని అడిగేవాళ్లూ లేరు. అందుకని తగ్గాల్సింది మన కర్రే. కర్ర కొస నేల నుంచి తొమ్మిది అడుగులు దాటకూడదు. ఏ కారణం చేతా కర్రతో ఆటో మీదకో, ట్రాక్టరు మీదకో, అరుగు మీదకో ఎక్కకూడదు. నా దృష్టిలో మిగతా జాగ్రత్తలన్నీ దీని తర్వాతే. ఎండిన వెదురులో కరెంటు పారదని ధైర్యపడేవాళ్లుంటారు. తడిస్తే పారుతుంది. ఆగస్టు 15న వాన పడదని ఎవరు హామీ ఇస్తారు?

కర్ర దేనితో చేయాలన్నదాన్లో నాకు పెద్ద సందేహం లేదు. ఇనుము వద్దు, కారణం పైన చెప్పాను. అదీకాక ఆరడుగుల ఇనుప గొట్టం జారి పక్క పిల్లాడి నెత్తిన పడితే ఏమవుతుందో ఊహించుకోండి. అల్యూమినియం తేలికే, ఇనుములో మూడో వంతు బరువు, చూడ్డానికీ బాగుంటుంది. కరెంటు విషయంలో మాత్రం ఇనుముకు తమ్ముడే. సన్న ప్లాస్టిక్ పైపు గాలికి విల్లులా వంగుతుంది, ఎండకు పెళుసెక్కి ఒకరోజు ఫట్‌మంటుంది. ఫైబర్ గ్లాసు గొట్టం అన్నిటికన్నా మంచిది. తేలిక, గట్టి, కరెంటు పారదు. అది పెద్ద ఊళ్లలో దొరికినంత తేలిగ్గా మండల కేంద్రాల్లో దొరకదు. కాబట్టి నా ఓటు వెదురుకే. అదీ పందిళ్లకు వాడే లావుపాటి బోలు బొంగు కాదు, లాఠీలకు వాడే గట్టి వెదురు. లోపల బోలు దాదాపు ఉండదు, అంగుళంపావు మందం ఉంటే మన లెక్కకు సరిపోతుంది. 2017లో అటవీ చట్టం సవరించి అడవి బయట పెరిగిన వెదురును చెట్ల జాబితా నుంచి తీసేశారు కనుక పొలం గట్టున పెంచుకున్నది కొట్టి తెచ్చుకోవడానికి పాత చిక్కులు లేవు. పచ్చి వెదురు తెచ్చిన రోజే వాడకండి. కొన్నాళ్లు నీళ్లలో నానబెట్టి నీడన ఆరబెడితే పుప్పి పట్టదు. ఊళ్లో మేదరివారిని అడిగితే ఇది నాకన్నా బాగా చెబుతారు. బడి తరఫున వాళ్లకు నాలుగు రూపాయలు పనిచ్చినట్టూ అవుతుంది.

ఆరడుగుల కర్రను ఒకే ముక్కగా ఉంచితే అది ఆటోలో పట్టదు, బీరువాలో ఇమడదు, ఆర్నెల్లకు మాయమవుతుంది. మూడేసి అడుగుల రెండు ముక్కలు చేయాలి. అతుకు ఎక్కడ పెడతామన్నది ముఖ్యం. కర్ర మీద వంపు ఎక్కువ పడేది పై చెయ్యి పట్టుకున్న చోట, అంటే కింది కొస నుంచి అడుగున్నర ఎత్తున. మూడడుగుల దగ్గర ఆ వంపు సగానికి పడిపోతుంది. కాబట్టి సరిగ్గా మధ్యలో అతుకు పెట్టడం అందానికే కాదు, బలానికీ సరిపోతుంది. అడుగు పొడవున్న మందపాటి ప్లాస్టిక్ పైపు ముక్కను తొడుగుగా చేసి, సగం కింది కర్రకు గట్టిగా బిగించేయాలి. పై కర్ర మిగతా సగంలో దూరుతుంది. వెదురు ఎక్కడా ఒకే మందం ఉండదు కనుక వదులైతే గుడ్డ టేపు చుట్టాలి. అడ్డంగా బెజ్జం పెట్టి చెక్క చీల దూర్చాలి. ఆ చీలను ఒక దారంతో కర్రకే కట్టి ఉంచండి. స్క్రూలూ బోల్టులూ అయితే మొదటి ర్యాలీకే పోతాయి, రెండో ర్యాలీకి మేకు దూరుస్తారు, ఆ మేకు ఎవరి చేతికో గీరుకుంటుంది.

పటకా సంగతి. ఎన్‌సీసీ కవాతులో జెండా మోసే క్యాడెట్‌ను చూసే ఉంటారు. భుజం మీదుగా వచ్చే పటకా, దానికి గిన్నె, గిన్నెలో జెండా కర్ర. అచ్చం అదే, తోలు బదులు క్యాన్వాసుతో. స్కూలు బ్యాగులు కుట్టే దర్జీ కుట్టిస్తాడు. గిన్నెకు నాలుగంగుళాల పైపు ముక్క, అడుగున దానికి బిగించే మూత చాలు. కర్ర బరువూ, తాళ్లు కిందికి లాగే బలమూ భుజం మీదుగా ఒంటికి చేరతాయి, వేళ్లు నొప్పెట్టవు. బక్కపిల్లకూ లావు పిల్లాడికీ సరిపోయేలా బకిల్ ఉండాలి. చున్నీ వేసుకున్న ఆడపిల్లలకు పటకా చున్నీ పైనుంచి రావాలి, కింద ఇరుక్కోకూడదు. ఇలాంటివి మగ పీఈటీలకు తట్టవు, పిల్లల్నే అడిగి తెలుసుకోవాలి.

అడ్డకర్రకు అంగుళం మందపు వెదురు చాలు, మూడు ముక్కలుగా. బ్యానరు పై అంచుకు షాపులోనే పాకెట్ అతికించమని చెప్పి అందులోంచి అడ్డకర్రను దూర్చాలి. ఐలెట్లకు తాళ్లు కడితే బరువంతా ఒక్కో బెజ్జం మీద పడి మూల చిరుగుతుంది, పాకెట్ అయితే అంచంతా సమానంగా పంచుకుంటుంది. అడ్డకర్రను నిలువు కర్రలకు బిర్రుగా కట్టేయకండి. చివర్లలో తాటి ఉచ్చులు పెట్టి కర్ర కొసలకు తగిలించండి. ఇద్దరు పిల్లల అడుగు ఎప్పుడూ ఒకలా పడదు. వీధి మలుపులో లోపలి పిల్ల ఆగాలి, బయటి పిల్ల చుట్టు తిరగాలి. అతుకు కాస్త ఆడితేనే అది సాధ్యం.

నాకు బాగా ఇష్టమైన ఏర్పాటు కింది మూలలది. వాటిని తాడుతో కట్టొద్దు, సైకిల్ ట్యూబు ముక్కతో కట్టాలి. మామూలు గాలికి అది సాగి మళ్లీ దగ్గరకు వస్తుంది. పెద్ద విసురు వస్తే తెగుతుంది, లేదా జారిపోతుంది. అప్పుడు బ్యానరు అడుగు భాగం పైకి లేచి రెపరెపలాడుతుంది, తోపు ఒక్కసారిగా తగ్గుతుంది. బ్యానరు ఓడిపోతుంది, పిల్ల నిలబడుతుంది. అన్నీ గట్టిగా కట్టడమే పనితనం అనుకునేవాళ్లకు ఇది నచ్చదు. ఎక్కడో ఒకచోట తెగక తప్పనప్పుడు, ఎక్కడ తెగాలో ముందే నిర్ణయించుకోవడం మేలు.

తాళ్లు నాలుగు, ఒక్కొక్కటి పదడుగులు. పట్టు కోసం చివర్లో రెండు మూడు ముళ్లు వేయాలి. ఒక్క మాట పిల్లలకు పదేపదే చెప్పాలి. తాడును మణికట్టుకు చుట్టుకోకూడదు. విసురొస్తే వదిలేసే వీలుండాలి. కర్ర పట్టేవాళ్లు ఎనిమిది, తొమ్మిది తరగతుల నుంచే, ఇద్దరూ ఒకే ఎత్తు ఉన్నవాళ్లను ఎంచాలి. వాళ్ల వెనకే మరో జత ఖాళీ చేతులతో నడవాలి, నాలుగు వీధులకోసారి మార్చుకోవాలి.

గాలి ఎంతుందో కొలవడానికి బడికి పరికరం అక్కర్లేదు. బ్రిటిష్ నౌకాదళ అధికారి బ్యూఫోర్ట్ 1805లో తయారుచేసిన గాలి పట్టిక ఇప్పటికీ ప్రపంచమంతా వాడుకలో ఉంది, దాన్ని కళ్లతోనే చదవొచ్చు. వీధిలో దుమ్మూ కాగితం ముక్కలూ లేస్తుంటే గాలి వేగం 20 నుంచి 28 కి.మీ. మధ్య ఉన్నట్టు. ఆకులతో ఉన్న చిన్న చెట్లు ఊగిపోతుంటే 29 నుంచి 38. దుమ్ము లేస్తుంటే తాళ్లు లేకుండా బ్యానరు ఎత్తకూడదు. చిన్న చెట్లు ఊగుతుంటే అసలు ఎత్తకూడదు, చుట్టేసి ఆటోలో పెట్టి నినాదాలతోనే నడవాలి. నైరుతి గాలులు వీచే నెలల్లో, అందులోనూ అనంతపురం వైపు బళ్లలో ఈ నియమం గట్టిగా ఉండాలి. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు కదా.

ఖర్చు దగ్గరకొస్తే, వెదురు, క్యాన్వాసు పటకాలు, పైపు ముక్కలు, తాళ్లు, కుట్టుకూలీ అన్నీ కలిపినా ఒక జతకు రెండు వేలు దాటదని నా అంచనా. ఒక్కసారి చేయిస్తే ఏళ్ల తరబడి ఉంటుంది. మార్చాల్సింది సైకిల్ ట్యూబు ముక్కలే. సమగ్ర శిక్ష కింద ఉన్నత పాఠశాలకు ఏటా 25,000 రూపాయల వరకు క్రీడా సామగ్రి గ్రాంటు ఉంది. అందులో దీన్ని చేర్చవచ్చని మీరొక వాక్యం రాస్తే హెడ్మాస్టరు నిశ్చింతగా కొంటాడు. రాయకపోతే ఆడిట్‌లో "వెదురు కర్రలు ఏ ఆటకు?" అని అడుగుతారన్న భయంతో కొనడు. ఉన్నత పాఠశాలలో ఒక జత ఉంటే చుట్టుపక్కల ప్రాథమికోన్నత పాఠశాలలు అడిగి తీసుకెళ్తాయి. ప్రాథమిక పాఠశాల పిల్లల చేత ఎత్తు బ్యానరు పట్టించాల్సిన పనే లేదు. వాళ్లకు చేతిలో పట్టే అట్టలు చాలు.

టెండరు పిలిచి రాష్ట్రమంతటికీ ఒకే రకం కర్రలు కొని పంపమని నేను అడగడం లేదు. అలా వచ్చేవి ఎలా ఉంటాయో బడుల్లో పనిచేసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. కొలతలూ నియమాలూ మీరివ్వండి, తయారీ ఊరికి వదిలేయండి. తొమ్మిదో తరగతి పిల్లల చేతే కొలతలు తీయించి చేయించినా మంచిదే, బలాలూ చలనమూ వాళ్ల పాఠంలో ఉన్నవే. ఎన్నికల సంఘం, ఆరోగ్యశాఖ, రవాణాశాఖ తమ తమ ర్యాలీలకు పిల్లల్ని పంపమని మీకే రాస్తాయి. ఆ ఉత్తరాలకు జవాబుగా ఈ నియమాల కాగితం ఒకటి జత చేస్తే ఆ ర్యాలీలూ దారికొస్తాయి.

కాబట్టి రాబోయే ఆగస్టు 15కు ముందే రెండు రాష్ట్రాల్లో ఒక సర్క్యులర్ ఇవ్వమని కోరుతున్నాను. బ్యానరు ఎనిమిదడుగులకు రెండున్నర అడుగులు మించకూడదని, కర్ర కొస నేల నుంచి తొమ్మిది అడుగులు దాటకూడదని, ఇనుమూ అల్యూమినియమూ వాడకూడదని, పటకా, అడ్డకర్ర, నాలుగు తాళ్లు లేనిదే బ్యానరు తలల పైకి ఎత్తకూడదని, చిన్న చెట్లు ఊగే గాలిలో ర్యాలీలో బ్యానరు ఉండకూడదని, ఈ ఖర్చు క్రీడా గ్రాంటులో చూపవచ్చని అందులో రాయండి. ఆ సర్క్యులర్ అందేదాకా ఆగొద్దని తోటి పీఈటీలను కూడా ఇక్కడే అడుగుతున్నాను. మీ స్టోరు రూములో ఇనుప ఊచలు ఉంటే ఇవాళే బయట పడేయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు